మోగాల్సింది మోగదు, వద్దన్నవన్నీ మోగుతాయి: కొత్త ఫోన్ సెట్టింగ్స్ కథ

మా చిన్నమ్మది కోరుట్ల దగ్గర ఊరు. బీడీలు చేస్తుంది. కొడుకు దుబాయిలో ఉంటాడు. దసరాకు సెలవు మీద వచ్చినప్పుడు తల్లికి కొత్త స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి, దాన్ని ఎలా వాడాలో సగం చెప్పి, మళ్లీ విమానం ఎక్కాడు. కంటి పరీక్షకని చిన్నమ్మ హన్మకొండలో మా ఇంటికి వచ్చినప్పుడు ఆ ఫోన్ నా చేతిలో పెట్టింది. "గీ ఫోన్ల ఏమున్నదో ఏమో బిడ్డా. వద్దన్నయన్నీ మోగుతయి, పిలగాడు చేసిందే మోగుతలేదు" అంది.

ఒక పూట పక్కన పెట్టుకుని చూశాను. నిజమే. పొద్దున టిఫిన్ తినేలోపే పదిసార్లు టింగుమంది. ఏదో షాపు డిస్కౌంట్, క్రికెట్ స్కోరు, 'మీకోసమే ప్రత్యేక లోన్', ఎవరో హీరోయిన్ పెళ్లి కబురు. కొడుకు రాత్రి డ్యూటీ దిగి చేసే కాల్ మాత్రం చప్పుడు చేయదు. ఆమె ఫోన్ తీసుకుని లాక్ తెరిచాక 'మిస్డ్ కాల్' అని కనబడుతుంది. అప్పటికి వాడు పడుకుని ఉంటాడు.

ఫోన్ ఖరాబు కాలేదు. కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, అదే దాని జబ్బు. పెట్టెలోంచి తీసిన ఫోన్‌లో మీటలన్నీ ఎవరో ఒకరు ముందే నొక్కిపెట్టి ఉంచుతారు. ఎవరు నొక్కారో తెలిస్తే సగం చిక్కు వీడినట్టే.

ఒక ఫోన్, నలుగురి పెత్తనం

సెట్టింగ్స్ తెరవగానే జనం బెంబేలెత్తేది అక్కడ వందల పేర్లు ఉన్నాయని. నాకు మాత్రం అసలు తికమక ఇంకోటి అనిపిస్తుంది. ఒకే పనికి నాలుగు చోట్ల మీటలు ఉంటాయి, ఎందుకంటే ఆ ఫోన్ మీద నలుగురు పెత్తనం చేస్తారు.

పెద్ద పెత్తనం గూగుల్‌ది. ఆండ్రాయిడ్ అనే పునాది వాళ్లదే, 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చినప్పటి నుంచీ. జీమెయిల్ ఖాతా, ప్లే స్టోర్, లొకేషన్, యాప్‌లకు ఇచ్చే అనుమతులు అన్నీ ఆ పునాదిలోనివి. దాని మీద ఫోన్ తయారుచేసిన కంపెనీ గోడలు కడుతుంది, తన రంగు వేస్తుంది, గదుల పేర్లు మార్చేస్తుంది. మీ ఫోన్‌లో 'బ్యాటరీ' కింద ఉన్నది మీ బావ ఫోన్‌లో 'డివైస్ కేర్' కింద ఉండటం అందుకే. మూడోది సిమ్ కంపెనీ. అది బయట టవర్ దగ్గర ఉందనుకుంటాం గానీ సిమ్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రూపంలో లోపల కూడా కూర్చుని ఉంటుంది. ఇక నాలుగో వర్గం యాప్‌లు. పిలవకుండా వచ్చినవి కొన్ని, మనమే పిలిచి మర్చిపోయినవి కొన్ని.

ఐఫోన్‌లో మొదటి ఇద్దరూ ఒక్కరే, యాపిల్. అందుకే అక్కడ తికమక కొంత తక్కువ. ధర ఎక్కువ.

కాబట్టి ఫోన్ ఏదైనా చికాకు చేస్తే 'ఇది ఎలా ఆపాలి' అనేకంటే ముందు 'ఈ పని ఎవరిది' అని అడగాలి. ఎవరిదో తెలిస్తే ఏ గదిలోకి వెళ్లాలో తెలుస్తుంది. అప్పటికీ దొరక్కపోతే సెట్టింగ్స్ పైన వెతికే పెట్టె ఉంటుంది, అందులో పేరు కొడితే చాలు. ఈ పెట్టెను వాడేవాళ్లు ఎంత తక్కువమందో చూస్తే నాకు ఆశ్చర్యం. సందు సందూ తిరుగుతారు గానీ అడ్రస్ అడగరు.

కొడుకు కాల్ ఎక్కడ ఆగింది

మామూలు ఫోన్ కాల్ సిమ్ ద్వారా వస్తుంది. టవర్ పిలవగానే ఫోన్‌లోని మోడెమ్ అందుకుంటుంది. ఫోన్ ఎంత గాఢ నిద్రలో ఉన్నా లేచి మోగుతుంది. ఇంటర్నెట్ కాల్ దారి వేరు. దుబాయిలో వాట్సాప్ మెసేజ్‌లు నడుస్తాయి గానీ వాట్సాప్ కాల్స్‌కు అక్కడ అనుమతి లేదు. అందుకే అక్కడున్న మనవాళ్లు అక్కడ లైసెన్సు ఉన్న వేరే కాలింగ్ యాప్‌లు పెట్టుకుంటారు, ఇక్కడ ఇంట్లోవాళ్ల ఫోన్లలోనూ పెట్టిస్తారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఏ ఊరికి వెళ్లినా ఇలాంటి యాప్ ఒకటి ప్రతి తల్లి ఫోన్‌లోనూ కనబడుతుంది.

ఆ యాప్‌లో కాల్ చేసినప్పుడు ముందుగా మన ఫోన్‌కు ఒక చిన్న మేలుకొలుపు సందేశం వస్తుంది. ఎక్కువ యాప్‌లకు అది గూగుల్ సర్వర్ మీదుగా వస్తుంది. దాన్ని చూసి ఆండ్రాయిడ్ యాప్‌ను లేపుతుంది, లేచిన యాప్ రింగ్ మోగిస్తుంది. కాల్ రావడానికి ఇంటర్నెట్ ఒక్కటే ఉంటే సరిపోదు, యాప్‌ను లేవనివ్వాలి. బయట ఎవరో గొళ్లెం పెట్టేస్తే లోపలున్నది ఎలా లేస్తుంది?

మొదటి గొళ్లెం ఆండ్రాయిడ్‌ది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, ఫోన్ కదలకుండా పక్కన పడి ఉంటే యాప్‌లను జోకొట్టే ఏర్పాటు ఉంది. 2018లో ఆండ్రాయిడ్ 9తో, మనం తక్కువగా తెరిచే యాప్‌లను ఇంకాస్త గట్టిగా పడుకోబెట్టడం మొదలైంది. ఇది మంచి ఉద్దేశంతో పెట్టిందే. కాల్ లాంటి అత్యవసర సందేశాలకు ఈ గొళ్లెం సాధారణంగా తెరుచుకుంటుంది కూడా.

తెరుచుకోనిది రెండోది, ఫోన్ కంపెనీ పెట్టింది. 'రెండు రోజుల బ్యాటరీ' అని ప్రకటన ఇచ్చుకోవాలి కదా. అందుకని చాలా కంపెనీలు తెర వెనక నడిచే యాప్‌లను మొహమాటం లేకుండా ఆపేస్తాయి. శామ్‌సంగ్‌లో దీని పేరు 'స్లీపింగ్ యాప్స్'. షావోమీ ఫోన్లలో 'ఆటోస్టార్ట్' అనే మీట ఉంటుంది. ఒప్పో, రియల్‌మీ లాంటివాటిలో 'ఆటో లాంచ్', 'బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ' అని వెతకాలి. అన్నిటికీ పనికొచ్చే దారి ఒకటుంది. యాప్ బొమ్మ మీద వేలు కాసేపు అదిమి పట్టండి, 'యాప్ సమాచారం' అని వస్తుంది. అందులో బ్యాటరీ దగ్గరికి వెళ్లి 'అన్‌రిస్ట్రిక్టెడ్' అని పెట్టండి. ఈ మర్యాద అన్ని యాప్‌లకూ చేయకండి. కొడుకు కాల్ వచ్చే యాప్‌కు, పొద్దున లేపే అలారానికి, మందులు గుర్తుచేసే యాప్ ఉంటే దానికి, అంతే.

మూడో గొళ్లెం దొరికినప్పుడు నాకు నవ్వొచ్చింది. రాత్రి తొమ్మిది నుంచి 'బెడ్‌టైమ్ మోడ్' ఆన్ అయి ఉంది. ఫోన్ మొదలుపెట్టేటప్పుడు ఎవరో 'సరే, సరే' అని నొక్కుకుంటూ పోయి ఉంటారు. దుబాయి మనకంటే గంటన్నర వెనక. వాడు ఎనిమిదికి డ్యూటీ దిగి ఫోన్ చేస్తే ఇక్కడ తొమ్మిదిన్నర. అంటే కరెక్టుగా ఫోన్ నోరు మూసుకున్న అరగంటకు. 'డు నాట్ డిస్టర్బ్' అనే సెట్టింగ్‌లో, తెలుగులో పెట్టుకుంటే 'అంతరాయం కలిగించవద్దు' అని ఉంటుంది, ఎవరికి మినహాయింపు ఇవ్వాలో చెప్పుకోవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 'కాల్స్' కింద కొడుకు నంబరుకు మినహాయింపు ఇస్తే అది సిమ్ కాల్‌కే ఖాయంగా పనిచేస్తుంది. ఇంటర్నెట్ కాల్ కోసం 'యాప్స్' కింద ఆ యాప్‌ను కూడా చేర్చాలి.

ఇంకొకటి, ఇది సెట్టింగ్ కాదు, అలవాటు. ఎవరో పిల్లలు నేర్పారట, పొద్దున, సాయంత్రం రీసెంట్ యాప్‌లన్నీ తెరిచి 'క్లియర్ ఆల్' కొట్టేస్తోంది చిన్నమ్మ, ఇల్లు ఊడ్చినట్టు. కొన్ని కంపెనీల ఫోన్లలో అలా ఊడ్చేస్తే యాప్ పూర్తిగా ఆగిపోతుంది. దానివల్ల బ్యాటరీ పెద్దగా మిగలదు కూడా, మళ్లీ తెరిచిన ప్రతిసారీ మొదటి నుంచి లేవాలి కదా. మానేయమన్నాను.

ఆ రాత్రి తొమ్మిది ముప్పై నాలుగుకు ఫోన్ మోగింది. చిన్నమ్మ అన్నం చెయ్యి కడుక్కోకుండానే ఎడమ చేత్తో ఎత్తింది.

టింగు టింగుల సంగతి

వద్దన్నవి ఆపడం దీనికంటే సులువు, కాకపోతే ఓపిక కావాలి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు దాన్ని తోసెయ్యకుండా, దాని మీదే వేలు అదిమి పట్టండి. ఏ యాప్ పంపిందో పేరు, పక్కనే ఆపే మీట కనబడతాయి. వారం రోజులు వచ్చినదాన్ని వచ్చినట్టు ఇలా ఆపుకుంటూ పోతే ఇల్లు సద్దుమణుగుతుంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఒకే యాప్‌లో రకరకాల నోటిఫికేషన్లను విడివిడిగా ఆపుకునే వీలుంది. 'మీ పార్సిల్ వచ్చింది' ఉంచుకుని 'భారీ ఆఫర్లు' తీసెయ్యొచ్చు. ఆండ్రాయిడ్ 13 నుంచి, అంటే 2022 నుంచి, కొత్తగా వేసుకున్న యాప్ నోటిఫికేషన్లు పంపాలంటే ముందు మనల్ని అడగాలి. అడిగినప్పుడు అలవాటుగా 'అనుమతించు' నొక్కేవాళ్లే ఎక్కువ. 'వద్దు' నొక్కితే యాప్ ఏమీ అలగదు, తెరిచినప్పుడు మామూలుగానే పనిచేస్తుంది.

చిన్నమ్మ ఫోన్‌లో ఒక రకం మాత్రం ఏ యాప్‌దో తెలియలేదు. 'మీ ఫోన్‌లో వైరస్ ఉంది' అని ఎర్రటి గుర్తుతో గంట గంటకూ వస్తోంది. అదిమి పడితే క్రోమ్ అని చూపించింది. నిజానికి క్రోమ్ పాపం ఏమీ లేదు. ఎప్పుడో పాటలో, సీరియలో వెతుకుతుంటే ఒక వెబ్‌సైట్ 'నోటిఫికేషన్లు పంపమంటారా' అని అడిగింది, ఈమె 'అలౌ' నొక్కింది. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌లోకి వెళ్తే అలా అనుమతి పొందిన సైట్ల జాబితా ఉంటుంది. తీసేశాను. వైరస్ పోయింది.

స్క్రీన్ మధ్యలో ఉన్నట్టుండి ఒక డబ్బా తెరుచుకుని 'ఓకే, క్యాన్సిల్' అని అడుగుతుంటే అది సాధారణంగా సిమ్ కంపెనీ పని. యాప్‌ల మధ్య 'సిమ్ టూల్‌కిట్' అని ఒకటి దాక్కుని ఉంటుంది. దాన్ని తెరిచి అందులోని ప్రకటన సేవను ఆపాలి. పొరపాటున ఓకే నొక్కితే పైసలు కట్ అయ్యే సేవ మొదలవ్వొచ్చు కాబట్టి ఇది ముందే ఆపడం మంచిది. లాక్ స్క్రీన్ మీద పూటకో బొమ్మ, బొమ్మ కింద వార్త వస్తుంటే అది ఫోన్ కంపెనీ పని. 'లాక్ స్క్రీన్' లేదా 'వాల్‌పేపర్' సెట్టింగ్స్‌లో ఆపొచ్చు. పైసలు పెట్టి కొన్న ఫోన్‌లో మన గోడ మీద వాళ్ల పోస్టర్లు ఏంటో.

అరిగిన వేలు, తెరుచుకోని తాళం

చిన్నమ్మ ఫోన్‌కు లాక్ లేదు. ఎందుకంటే వేలిముద్ర పనిచేయట్లేదు, పిన్ గుర్తుండదని కొడుకు తీసేశాడు. నేను మళ్లీ పెట్టబోతే ఆమె బొటనవేలిని కొంగుకు రెండుసార్లు తుడుచుకుని అద్దం మీద పెట్టింది. ఫోన్ ఒకసారి వణికి 'గుర్తించలేదు' అంది. మళ్లీ తుడుచుకుంది. మళ్లీ అదే. వేలు తిప్పి చూశాను. చివర గీతలే లేవు, అరిగిపోయిన రూపాయి బిళ్ల లాగా నున్నగా ఉంది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, రోజూ అదే పని ఏళ్లకేళ్లుగా చేసిన వేళ్లు అవి. రేషన్ షాపులో మిషన్ దగ్గరా ఈ బాధ ఆమెకు కొత్త కాదు. పత్తి ఏరే చేతులకు, ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాలు మోసే చేతులకు కూడా ఇదే తిప్పలు.

దారి ఉంది. పనిలో తక్కువ అరిగే వేలు చూడాలి. చిన్నమ్మకు ఎడమ చేతి ఉంగరం వేలు పనికొచ్చింది. సాధారణంగా నాలుగైదు ముద్రలు వేసుకునే చోటు ఉంటుంది, కాబట్టి అదే వేలిని రెండుసార్లు నమోదు చేశాను. ఒకసారి చేతులు కడిగి ఆరాక, ఇంకోసారి పని మధ్యలో ఎలా ఉంటే అలా. వేలి కొనే కాకుండా పక్కలు కూడా తాకించాలి. ఇప్పుడు పదిసార్లలో ఎనిమిదిసార్లు తెరుచుకుంటోంది.

వేలిముద్ర ఉన్నా పిన్ పెట్టక తప్పదు. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు అది పిన్నే అడుగుతుంది, వేలు ఒప్పుకోదు. ఇది మొండితనం కాదు. ఇప్పటి ఫోన్లలో లోపలి సమాచారమంతా గుప్తలిపిలో ఉంటుంది. దాన్ని విప్పే తాళంచెవి తయారవడానికి మీ పిన్ కావాలి. ఒకసారి విప్పాక రోజంతా వేలు చాలు. అందుకే దొంగ చేతిలో పడి స్విచాఫ్ అయిన ఫోన్, మంచి పిన్ ఉంటే, వాడికి ఒట్టి డబ్బాతో సమానం. మంచి పిన్ అంటే 1234 కాదు, పుట్టిన సంవత్సరం కాదు. ముఖ్యంగా ఏటీఎం పిన్, యూపీఐ పిన్, ఫోన్ పిన్ ఈ మూడూ ఒకటే పెట్టుకోవద్దు. మన ఇళ్లలో ఫోన్ పిన్ ఇంటిల్లిపాదికీ, పక్కింటి పిల్లలకు సహా తెలిసి ఉంటుంది. అది తప్పని నేను అనను, కానీ అదే పిన్‌తో బ్యాంకు తెరుచుకోకూడదు. ముఖం చూసి తెరుచుకునే లాక్ చాలా చవక ఫోన్లలో ముందు కెమెరా ఫోటో మీదే ఆధారపడుతుంది. దాన్ని సులువుకు వాడుకోవచ్చు గానీ గట్టి తాళం అనుకోవద్దు.

షాపు పిల్లగాడు తీసిన జీమెయిల్

అన్నిటికంటే పెద్ద గండం సెట్టింగ్స్‌లో పైన, మనం చూసీ చూడనట్టు దాటేసే చోట ఉంటుంది. అది ఏ జీమెయిల్‌తో ఫోన్ నడుస్తోంది అన్నది.

షాపులో ఫోన్ కొన్నప్పుడు "అంతా సెట్ చేసి ఇస్తం సార్" అంటారు. కౌంటర్ ముందు ఇంకో ఆరుగురు నిలబడి ఉంటారు. పాత మెయిల్ ఏదని అడిగితే మనకు గుర్తుండదు. ఆ పిల్లగాడు రెండు నిమిషాల్లో మన పేరు పక్కన ఏవో అంకెలు తగిలించి కొత్త మెయిల్ ఒకటి తీసేస్తాడు. పాస్‌వర్డ్ తనకు తోచింది పెడతాడు. అందులో వాడి దురుద్దేశం ఏమీ ఉండదు. ఫోన్ పనిచేస్తుంది, మనం స్వీటు తిని ఇంటికి వస్తాం.

మా కాలనీలో ఒక పెద్దాయన ఫోన్ ఏడాది తర్వాత స్లో అయిందని ఎవరో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టారు, అంటే లోపలున్నదంతా తుడిచేసి కొత్త ఫోన్‌లా చేశారు. ఆన్ చేస్తే, ఈ ఫోన్‌లో ఇంతకుముందున్న ఖాతాతో సైన్ ఇన్ అవ్వమంది. ఆ మెయిల్ ఏంటో ఆయనకు తెలియదు. కొన్న షాపుకు పోతే ఆ పిల్లగాడు పని మానేశాడు. చేతిలో బిల్లు ఉంది, పెట్టె ఉంది, ఫోన్ మాత్రం తెరుచుకోదు. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన ఈ రక్షణ దొంగల కోసం పెట్టింది. దొంగిలించిన ఫోన్‌ను రీసెట్ కొట్టి అమ్ముకోకుండా. కానీ తన ఖాతా తనకే తెలియని యజమానికి, దొంగకు ఫోన్ తేడా ఎలా కనిపెడుతుంది?

అందుకే కొత్త ఫోన్ వచ్చిన మొదటి రోజే సెట్టింగ్స్‌లో గూగుల్ అని ఉన్నచోట నొక్కి, పైన ఏ మెయిల్ ఉందో చూడండి. పాస్‌వర్డ్ మీకు తెలిసినదానికి మార్చండి. రికవరీ ఫోన్ నంబరుగా మీది ఒకటి, ఇంట్లో నమ్మకమైన ఇంకొకరిది ఒకటి పెట్టండి. ఇవన్నీ ఫోన్ తెరుచుకుని ఉన్నప్పుడే చేయాలి, తర్వాత మొత్తుకుంటే లాభం లేదు. చిన్నమ్మ మెయిల్, పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి ఇచ్చాను, ఇంటికి పోయి పట్టాపాస్‌బుక్ ఉండే కవర్‌లో పెట్టింది. పాస్‌వర్డ్ కాగితం మీద రాయొద్దని కంప్యూటర్ వాళ్లు అంటారు. బీరువాలో తాళం వేసి ఉండే కాగితం కంటే మర్చిపోయిన పాస్‌వర్డ్ ఎక్కువ ప్రమాదం అని నా అభిప్రాయం. ఫోన్‌ను అమ్మేటప్పుడు, తమ్ముడికి ఇచ్చేటప్పుడు ముందు ఖాతా తీసేసి తర్వాత రీసెట్ కొట్టాలి. తలకిందులు చేస్తే పెద్దాయన కథే.

ఆ ఖాతా సరిగ్గా ఉంటే ఇంకో రెండు పనులు సులువవుతాయి. ఒకటి నంబర్లు. కొత్త నంబరు సేవ్ చేసేటప్పుడు 'సిమ్‌లోనా, ఫోన్‌లోనా, గూగుల్‌లోనా' అని అడుగుతుంది. సిమ్‌లో సుమారు 250 నంబర్లే పడతాయి. ఫోన్‌లో పెడితే ఫోన్ పోతే పోయినట్టే. గూగుల్‌లో పెడితే కొత్త ఫోన్‌లో అదే మెయిల్ వేయగానే వచ్చేస్తాయి. రెండోది, ఫోన్ పోతే వెతికే ఏర్పాటు. ఇన్నాళ్లూ 'ఫైండ్ మై డివైస్' అన్నదాన్ని 2025లో 'ఫైండ్ హబ్' అని పేరు మార్చారు. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. పనిలో పనిగా *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరును, అంటే ఫోన్ గుర్తింపు సంఖ్యను, ఆ కాగితం మీదే రాయండి. ఫోన్ పోయినప్పుడు పోలీసులకు ఫిర్యాదు చేసి, కేంద్ర టెలికాం శాఖ 'సంచార్ సాథీ' పోర్టల్‌లో ఆ నంబరుతో ఫోన్‌ను బ్లాక్ చేయించొచ్చు. రెండేళ్లకోసారి మేడారం జాతర జనంలో ఫోన్ పోగొట్టుకున్నవాళ్లకు దీని విలువ తెలుసు.

గూగుల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నిటికీ కలిపి అంతే. పొద్దున పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు అందులోకి ఎక్కకుండా వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపండి. స్టోరేజ్ గురించి ఇంతకంటే చెప్పడానికి పెద్దగా లేదు.

ఎవరికి ఏ గది తాళం

అనుమతుల విషయంలో ఆండ్రాయిడ్ బాగుపడుతూ వచ్చింది. 2015కు ముందు యాప్ వేసుకునేటప్పుడే అన్నిటికీ ఒకేసారి ఒప్పుకోవాలి, లేదా యాప్ మానుకోవాలి. ఆండ్రాయిడ్ 6 నుంచి అవసరమైనప్పుడు ఒక్కొక్కటీ అడగడం మొదలైంది. 2019లో లొకేషన్‌కు 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే', 2020లో 'ఈ ఒక్కసారికే' అనేవి వచ్చాయి. 2021లో ఆండ్రాయిడ్ 12 మరో రెండు తెచ్చింది. కెమెరా గానీ మైకు గానీ నడుస్తుంటే పైన మూలలో పచ్చ చుక్క వెలుగుతుంది. లొకేషన్ ఖచ్చితంగా ఇవ్వాలా, ఉజ్జాయింపుగానా అని ఎంచుకోవచ్చు. ఉజ్జాయింపుగా ఇస్తే సుమారు 3 చదరపు కిలోమీటర్ల మేర తెలుస్తుంది. వేయిస్తంభాల గుడి చుట్టుపక్కల ఎక్కడో ఉన్నారని తెలుస్తుంది గానీ ఏ గల్లీలో, ఎవరింట్లో అన్నది తెలియదు. వాన పడుతుందో లేదో చెప్పడానికి వాతావరణం యాప్‌కు అంత చాలు. ఆటో పిలవడానికి మాత్రం ఖచ్చితమైనదే ఇవ్వాలి, లేకపోతే డ్రైవర్ ఇంకో చౌరస్తాలో నిలబడి ఫోన్ చేస్తుంటాడు.

అడిగిన అనుమతికి, యాప్ చేసే పనికి పొత్తు కుదురుతుందా? ఈ ఒక్క ప్రశ్న చాలు. యూపీఐ యాప్ ఎస్సెమ్మెస్ అడగడం న్యాయమే, మీ సిమ్ ఈ ఫోన్‌లోనే ఉందని బ్యాంకు దాని ద్వారానే తేల్చుకుంటుంది. టార్చ్‌లైట్ యాప్ కాంటాక్ట్స్ అడిగితే అనుమానించాలి. లోన్ యాప్ అడిగితే ఇంకా అనుమానించాలి. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. కాంటాక్ట్స్‌లో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి పరువు తీయడమే వాళ్ల ఆయుధం. ఆ ఆయుధం మనం 'అలౌ' నొక్కి చేతికి ఇచ్చిందే. 2023లో గూగుల్ తన ప్లే స్టోర్‌లోని లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, ఫోటోలు ముట్టకూడదని నిబంధన పెట్టింది. ప్లే స్టోర్ బయట నుంచి వచ్చే వాటికి ఆ నిబంధన తగలదు.

బయట నుంచి రావడం అంటే ఇప్పుడు ఎక్కువగా పెళ్లి పత్రిక రూపంలో. తెలిసినవాళ్ల నంబరు నుంచే వాట్సాప్‌లో ఒక ఫైల్ వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది. పత్రిక అయితే బొమ్మ అవ్వాలి, పీడీఎఫ్ అవ్వాలి. ఏపీకే అంటే యాప్. నొక్కితే మీ ఎస్సెమ్మెస్‌లు, ఓటీపీలు వాళ్లకు వెళ్లే ప్రమాదం ఉంది. ట్రాఫిక్ చలానా పేరుతోనూ ఇవి వస్తాయి. సెట్టింగ్స్‌లో 'తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేయడం' అని వెతకండి. ఆండ్రాయిడ్ 8 నుంచి ఈ అనుమతి ఏ యాప్‌కు ఆ యాప్‌కు విడిగా ఉంటుంది. జాబితాలో వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ అన్నిటికీ ఆఫ్ ఉండాలి. చిన్నమ్మ ఫోన్‌లో వాట్సాప్‌కు ఆన్ ఉంది. ఎందుకో, ఎప్పుడో, ఎవరో. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి, తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

మిగతావి

అక్షరాలు పెద్దవి చేయడానికి రెండు మీటలుంటాయి. 'ఫాంట్ సైజ్' అక్షరాలనే పెంచుతుంది, 'డిస్‌ప్లే సైజ్' బొమ్మలు, బటన్లు అన్నిటినీ పెంచుతుంది. రెండూ చివరిదాకా లాగితే కొన్ని యాప్‌లలో 'పే' బటన్ స్క్రీన్ కిందికి జారిపోయి కనబడదు. అక్షరాలు బాగా పెంచి, రెండోదాన్ని ఒక్క మెట్టు పెంచడం నాకు కుదిరిన లెక్క. తెరను నల్లగా మార్చే డార్క్ మోడ్ ఓఎల్ఈడీ రకం స్క్రీన్ ఉన్న ఫోన్లలోనే బ్యాటరీ మిగులుస్తుంది. చిన్నమ్మ కళ్లకు నల్ల తెర మీద తెల్ల అక్షరాలు మసకగా ఉన్నాయంది, తీసేశాను.

తెలుగు టైపింగ్ కోసం వెతుక్కోనక్కర్లేదు, గూగుల్ కీబోర్డులో తెలుగు చేర్చుకుంటే మైకు నొక్కి మాట్లాడొచ్చు. చిన్నమ్మకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఆమె "యాల్లైంది" అంటే అది ఇంకేదో రాస్తుంది గానీ కొడుక్కు అర్థమవుతుందట.

సిగ్నల్ సరిగ్గా లేనిచోట, తాడ్వాయి అడవి దారిలో లాగా, ఫోన్ టవర్ కోసం గట్టిగా కేకలు పెడుతూ బ్యాటరీ ఖర్చు చేసుకుంటుంది. అలాంటప్పుడు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి అవసరమున్నప్పుడే తీయండి. స్లాబు ఇంట్లో గోడల మధ్య సిగ్నల్ రాకపోతే, వైఫై ఉంటే, 'వైఫై కాలింగ్' ఆన్ చేయండి. ఎండ సంగతీ చూసుకోవాలి. రామగుండం, మంచిర్యాల వైపు మే నెల ఎండలో ఆగి ఉన్న కారు డ్యాష్‌బోర్డు మీద ఫోన్ ఛార్జింగ్ పెట్టడం అంటే బ్యాటరీ ఆయుష్షు తగ్గించడమే. లిథియం బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే మీట మీ ఫోన్‌లో ఉంటే ఎండాకాలంలోనైనా వాడండి. కొత్త ఫోన్‌లో యూపీఐ పెట్టుకున్న మొదటి 24 గంటలు 5,000 రూపాయలకు మించి పోకపోతే కంగారు పడొద్దు. అది నలుగురిలో ఎవరి పనీ కాదు, బయట నిలబడ్డ బ్యాంకు పెట్టిన కాపలా.

చిన్నమ్మ ఊరికి వెళ్లిన పదిహేను రోజులకు ఫోన్ చేసింది. "ఏందో అప్‌డేట్ అని వచ్చింది బిడ్డా, ఒత్తాల్నా వద్దా?" ఒత్తమన్నాను. సెక్యూరిటీ అప్‌డేట్లు వాయిదా వేయకూడదు. పక్కింటివాళ్ల వైఫై ఉంటే దాని మీద, ఛార్జింగ్ సగం పైన ఉన్నప్పుడు, కొడుకు ఫోన్ చేసే వేళ కాకుండా. కొన్ని ఫోన్లు పెద్ద అప్‌డేట్ తర్వాత బ్యాటరీ గొళ్లేలను మళ్లీ మొదటికి తెస్తాయి. అందుకని అప్‌డేట్ అయ్యాక ఆ కాలింగ్ యాప్ బొమ్మను అదిమి పట్టి చూడమన్నాను, 'అన్‌రిస్ట్రిక్టెడ్' అనే ఉందా లేదా అని.

"అదిమి పట్టిన. ఏదో తెరుసుకున్నది. ఆగు, కండ్లద్దాలు పెట్టుకోని సదువుత" అంది.